చెట్టు గురించి ఎవరి మాట చెల్లుతుంది?

రెండేళ్ళ కిందట జూన్ నెల గాలివానకి మా కాలేజీ ఆవరణలో ఉన్న నిద్రగన్నేరు కొమ్మ ఒకటి స్కూటర్ల షెడ్డు మీద విరిగిపడింది. రాత్రిపూట కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు కమిటీ కూర్చుంది. నేనూ అందులో సభ్యురాలినే. ఆడపిల్లలు చదివే కాలేజీ, రేపు ఏ పిల్ల నెత్తినో పడితే ఎవరు జవాబు చెప్పాలన్నది అందరి భయం. చెట్టు మొత్తం తీసేద్దామని కొందరు అన్నారు. వద్దు, నీడ పోతుంది, పైభాగమంతా నరికేసి మొండెం ఉంచితే మళ్ళీ చిగురిస్తుందని ఇంకొందరు అన్నారు. మంచినీళ్ళ సీసాలు తెచ్చి బల్ల మీద పెడుతున్న మా తోటపని ఆమె, ఎవరూ అడక్కుండానే నోరు విప్పింది.

"నెత్తి కొట్టెయ్యకుండ్రి మేడం. నెత్తి కొడితే పిచ్చి చిగుర్లొస్తయి. గవ్వి పైపైన అతుక్కోని ఉంటయి, మల్ల గాలొస్తే గవ్వే ఇరుగుతయి. బరువున్న కొమ్మలు చివర్లకు తగ్గియ్యాలె. కోసేటప్పుడు మొదలుకాడ ఉబ్బు ఉంటది గద, గది ఇడిశిపెట్టి కొయ్యాలె."

"సరేలే అమ్మా, చూద్దాం" అన్నారు ఎవరో. ఆ రోజు సమావేశం మినిట్స్ రాసింది నేను. ఆమె మాటలు అందులో రాయలేదు. రాయకూడదని అనుకోనూ లేదు. రాయాలన్న ఆలోచనే రాలేదు.

పదిహేను రోజుల తర్వాత ఒక అర్బరిస్టుని పిలిపించారు. చెట్ల డాక్టరు అనుకోవచ్చు. అడవుల గురించి కాక, మనుషుల మధ్య బతికే ఒక్కొక్క చెట్టు బాగోగులు చూసే వృత్తి ఇది. వచ్చినామె ముప్పై అయిదేళ్ళ లోపు మనిషి. ఉద్యానశాస్త్రం చదివి, అమెరికాలో ఒక చెట్ల సంరక్షణ సంస్థలో కొన్నేళ్ళు పనిచేసి తిరిగొచ్చింది. చెక్క సుత్తితో మానుని అక్కడక్కడా కొట్టి చెవి ఆనించి వింది. తాడు కట్టుకుని పైకెక్కింది. తర్వాత రెండు పేజీల నివేదిక ఇచ్చింది. పైభాగం నరకవద్దు, అలా నరికితే వచ్చే కొత్త రెమ్మలకి కలపతో గట్టి అతుకు ఉండదు. బరువెక్కిన కొమ్మల్ని చివర్ల దగ్గర తగ్గించండి. కోత ఎప్పుడూ కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే భాగానికి బయటే పడాలి.

ప్రిన్సిపల్ మేడమ్ "ఎంత శాస్త్రీయంగా చెప్పింది!" అని మురిసిపోయారు. చెక్కు రాశారు. నివేదిక నకలు ఫైల్లో పెడుతుంటే నా చెయ్యి ఆగిపోయింది. ఈ మాటలు నేనెక్కడ విన్నాను?

ఇంగ్లీషు తత్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో వచ్చిన 'ఎపిస్టెమిక్ ఇన్‌జస్టిస్' అనే పుస్తకంలో ఇలాంటి దానికొక పేరు పెట్టింది. తెలుగులో చెప్పాలంటే సాక్ష్యానికి జరిగే అన్యాయం. మాట్లాడే మనిషి ఎవరన్నదాన్ని బట్టి, వినేవాళ్ళ మనసులో ముందే ఉన్న చిన్నచూపు వల్ల ఆ మాట విలువ తగ్గిపోవడం. ఆ పుస్తకాన్ని నేను ఎం.ఏ. పిల్లలకి పాఠంగా చెప్పాను. ఉదాహరణలు కూడా ఇచ్చాను. మంచినీళ్ళ సీసాలు పట్టుకుని నా ఎదురుగా నిలబడ్డ ఉదాహరణ మాత్రం నా కంటికి ఆనలేదు.

మొదట నాకు కోపం వచ్చింది సర్టిఫికెట్ మీద. మనలో చాలామందికి ఆ కోపం అలవాటే. మంత్రసానుల చేతుల్లో ఉన్న విద్యని పట్టాలున్న వైద్యం ఎలా పక్కకు నెట్టిందో మనం ఎన్నోసార్లు రాసుకున్నాం, చర్చించుకున్నాం. అదే చూపుతో దీన్నీ చూడబోయాను. కానీ ఆ అర్బరిస్టుతో మాట్లాడాక అంత తేలిగ్గా తేల్చెయ్యలేకపోయాను.

అమెరికాలో 1924లో నీడచెట్ల గురించి ఆలోచించే కొద్దిమంది కలిసి మొదలుపెట్టిన సమావేశమే కాలక్రమంలో ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ అర్బరికల్చర్ అయింది. 1990ల నుంచి అది పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తోంది. పరీక్షకి కూర్చోవాలంటే మామూలుగా మూడేళ్ళ పూర్తికాలపు అనుభవం చూపించాలి, చదువు ఉంటే అందులో కొంత తగ్గుతుంది. పత్రం వచ్చాక అది మూడేళ్ళే చెల్లుతుంది. ఆ మూడేళ్ళలో ముప్పై నిరంతర విద్య యూనిట్లు సంపాదించాలి. వర్క్‌షాపులకి వెళ్ళొచ్చు, ఉపన్యాసాలు వినొచ్చు, సంస్థ పత్రికలో వ్యాసం చదివి దాని మీద ప్రశ్నలకి జవాబులు రాసి పంపొచ్చు. లేదంటే మళ్ళీ మొదటినుంచి పరీక్ష రాయాలి. నీకు తెలిసింది మూడేళ్ళలో పాతబడుతుంది, మళ్ళీ నేర్చుకో అని ఒక వృత్తి తనకి తాను చెప్పుకోవడమిది.

"పాప పుట్టిన ఏడాది నేను ఎక్కడికీ పోలేకపోయాను" అని చెప్పిందామె. "రాత్రుళ్ళు పాలిస్తూ ఒక చేత్తో ఆ పత్రిక పట్టుకుని చదివేదాన్ని. ప్రశ్నలకి జవాబులు పంపేదాన్ని. అలాగే యూనిట్లు పూర్తి చేశాను." మరి అంత కష్టం దేనికి, పని నీకు వచ్చు కదా అన్నాను. నవ్వింది. "మేడమ్, సర్టిఫికెట్ లేనప్పుడు నేను చెట్టు కింద నిలబడి ఏదన్నా చెబితే, కస్టమరు నా పక్కన తాడు పట్టుకుని నిలబడ్డ కుర్రాడి మొహం చూసి, నిజమేనా అని అడిగేవాడు. ఆ కుర్రాడు చేరి మూడు నెలలు. కార్డు మీద ఆ నాలుగక్షరాలు వచ్చాక ఆ చూపు మానేశారు. పూర్తిగా కాదనుకోండి."

మాట నమ్మే అలవాటు లోకానికి ఎవరి విషయంలో ఉందో, వాళ్ళకి సర్టిఫికెట్ ఒక అలంకారం. నమ్మే అలవాటు లేని చోట అదే సాక్షి. ఆ సాక్షి కూడా అన్నిసార్లూ పలకదు. ఇంగ్లండులో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 1898లో పెట్టిన పరీక్షలో ఆలివ్ హారిసన్ అనే అమ్మాయికి అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి. దానికి బహుమతిగా రావలసిన స్కాలర్‌షిప్ ఆడపిల్లవని ఇవ్వలేదు. పరీక్ష నిజం చెప్పింది, పెట్టినవాళ్ళు వినలేదు.

సర్టిఫికెట్ లేని కాలాన్ని తలుచుకుని బెంగపడే ముందు మన దగ్గర చెట్టెక్కే హక్కు ఎలా వచ్చేదో చూసుకోవాలి. తాటిచెట్టు ఎక్కడమంటే ఆషామాషీ కాదు. మోకు బిగించడం, నడుము బరువు వెనక్కి వెయ్యడం, గెలని గీసేటప్పుడు ఎంత లోతు దిగాలో తెలియడం, ఇదంతా ఏళ్ళ తరబడి ఒంటికి పట్టే చదువు. దాన్ని చదువని ఎవరూ అనలేదు, కులవృత్తి అన్నారు. తండ్రినించి కొడుక్కి వచ్చింది. ఆ ఇంట్లోనే పుట్టిన కూతురికి రాలేదు. కల్లు అమ్మడం ఆమె పని, చెట్టెక్కడం కాదు. అసలు ఏ కులంలోనైనా ఆడపిల్ల చెట్టెక్కకూడదని మన అమ్మమ్మలు చెప్పనిదెవరికి? ఎక్కితే ఆ చెట్టు కాయదని కూడా బెదిరించేవారు. మా ఇంట్లో జామచెట్టు మీద నేను పట్టుబడ్డప్పుడు, కాళ్ళు కొట్టుకుపోయినందుకు కాదు, పరికిణీ పైకి కనిపించినందుకు దెబ్బలు పడ్డాయి.

కేరళలో కొబ్బరిచెట్లు ఎక్కేవాళ్ళు తగ్గిపోతున్నారని 2011లో కొబ్బరి అభివృద్ధి బోర్డు ఒక శిక్షణ మొదలుపెట్టింది. కొన్ని రోజుల శిక్షణ, కాళ్ళకి తగిలించుకుని ఎక్కే పరికరం, చివర ఒక కాగితం. ఏ కులం వాళ్ళైనా రావచ్చు. ఆడవాళ్ళు వచ్చారు, నేర్చుకున్నారు, ఎక్కారు. తరాలుగా పుట్టుకతో ముడిపడి ఉన్న పనిని కొద్దిరోజుల శిక్షణ ఆ ముడినుంచి విప్పింది. తెలంగాణలో 2024లో గీత కార్మికులకి కాటమయ్య రక్షక కవచం పేరుతో తాళ్ళూ బెల్టులూ ఇచ్చి వాడటం నేర్పడం మొదలైంది. చెట్టు మీదనుంచి పడి నడుములు విరగడం వృత్తిధర్మం కాదని, నేర్చుకుంటే తప్పించుకోగలిగిన ప్రమాదమని చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టింది. కాబట్టి పట్టా అంటేనే పెత్తనం అనే మాట నేనిప్పుడు అంత ధీమాగా అనలేను. పుట్టుక ఇచ్చే పట్టా కన్నా పరీక్ష ఇచ్చే పట్టా మేలు. దానికి కనీసం రాసే వీలుంది. మా తోటపని ఆమెకి సంతకం పెట్టడం వచ్చు, చదవడం రాదు. ఆమె వరకు ఆ వీలు కూడా లేదు.

ఇక ఆ ఉబ్బు సంగతి. కొమ్మ మానులో కలిసే చోట చిన్న కంఠంలా ఉండే ఉబ్బెత్తు భాగం. దాన్ని వదిలేసి కొయ్యాలన్నది ఇప్పుడు ఏ అర్బరిస్టు అయినా నేర్చుకునే మొదటి పాఠాల్లో ఒకటి. కానీ చాలాకాలం పాటు నిపుణులు నేర్పింది సరిగ్గా దీనికి ఉల్టా. మానుకి సమంగా, ఆ ఉబ్బుతో సహా నున్నగా కోసెయ్యమన్నారు. అలా కోస్తే అంచుల చుట్టూ కొత్త కణజాలం దండిగా పొంగుకొస్తుంది. దాన్ని చూసి గాయం బాగా మానుతోందనుకున్నారు. పైన తారు లాంటి రంగు పూశారు. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో (1930-2006) వేలకొద్దీ చెట్లని రంపంతో నిలువునా చీల్చి లోపల ఏం జరుగుతోందో చూశాడు. అంతకుముందు ఎక్కువమంది అడ్డంగానే కోసి చూసేవారు. అడ్డంగా కోస్తే ఉంగరాలు కనిపిస్తాయి, కుళ్ళు ఎటు పాకిందో కనపడదు. 1977లో అతను వెలువరించిన వివరణ ప్రకారం చెట్టు గాయాన్ని మాన్పుకోదు. పాడైన కణజాలాన్ని బాగుచేసుకునే శక్తి దానికి లేదు. గాయం చుట్టూ గోడలు కట్టుకుంటుంది, కుళ్ళుని అక్కడే బంధించి, బయట కొత్త కలప పెంచుకుంటుంది. ఆ ఉబ్బుని కోసేస్తే అది కట్టుకోగలిగిన మంచి గోడల్లో ఒకదాన్ని మనమే కూల్చినట్టు. పైన పూసే రంగులు కుళ్ళుని ఆపలేదని కూడా తేలింది.

మన భాషలో చెట్టునీ, గాయం నయం కావడాన్నీ ఒకే మాటతో అంటాం. మాను. అయినా మాను మానదట. గాయాన్ని లోపలే ఉంచుకుని దాని చుట్టూ పెరుగుతుందట. ఈ సంగతి తెలిసిన రోజున నాకు చాలామంది ఆడవాళ్ళు గుర్తొచ్చారు. ఆ పోలికని ఇంతకన్నా లాగను. చెట్టుని చెట్టుగా చూడకుండా ఆడదాని బాధకి గుర్తుగా వాడుకోవడం మన కవిత్వంలో ఇప్పటికే ఎక్కువైంది.

షైగో కథలో నాకు ముఖ్యమనిపించేది వేరే. పట్టాలున్నవాళ్ళు దశాబ్దాలపాటు తప్పు చేశారు. ఎన్ని చెట్లకి ఎంత చేటు జరిగిందో లెక్కలేదు. ఎవరూ వాళ్ళని మూఢులనలేదు, వాళ్ళ వృత్తిని వెనకబడ్డదనలేదు. వాళ్ళకి కొత్త పుస్తకాలు వచ్చాయి, ఉపన్యాసాలు వచ్చాయి, యూనిట్లు వచ్చాయి. తప్పుని దిద్దుకునే ఏర్పాటు వాళ్ళకుంది. నిరంతర విద్య అంటే నా దృష్టిలో అసలు అర్థం ఇదే. తెలియంది నేర్చుకోవడం ఎలాగూ ఉంటుంది. తెలుసనుకున్నదాన్ని పరువు పోకుండా వదులుకునే అవకాశం దానికన్నా అరుదైనది.

ఆ అవకాశం మా తోటపని ఆమెకి ఎవరిచ్చారు? కొమ్మలు కోసిన రోజు ఆమె పేడా మట్టీ కలిపి బకెట్లో పట్టుకొచ్చింది. అందుబాటులో ఉన్న కోతల మీద పూయబోయింది. అర్బరిస్టు వద్దంది. "ఉత్తగ ఎట్ల ఇడుస్తరమ్మా, పుండు గద" అని ఆమె. "పూసినా లాభం లేదని పరిశోధనలో తేలిందమ్మా, గాలికి వదిలేస్తేనే మంచిది" అని ఈమె. ఇద్దరూ నా వైపు చూశారు. ఉబ్బు విషయంలో ఆమె నూటికి నూరు పాళ్ళు సరైంది. ఈ విషయంలో ఆమెది పొరపాటు. షైగోకి ముందు అందరు నిపుణులూ చేసిన పొరపాటే అది. వాళ్ళది తారు, ఈమెది పేడ.

ఇక్కడే మన స్త్రీవాద రచనల్లో నన్ను కొంతకాలంగా ఇబ్బంది పెడుతున్న ఒక ధోరణి గురించి చెప్పాలి. పట్టాలేని స్త్రీల జ్ఞానాన్ని గౌరవించాలనే తొందరలో మనం దాన్ని తప్పు పట్టకూడని వస్తువుగా మార్చేస్తున్నాం. కర్ణాటకలో తులసి గౌడకి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. రాష్ట్రపతి భవన్‌లో చెప్పుల్లేని పాదాలతో నడిచిన ఆమె ఫోటో దేశమంతా తిరిగింది. ఏ జాతిలో ఏది తల్లిచెట్టో గుర్తుపట్టి, దాని విత్తనాన్ని సరైన సమయంలో సేకరించి మొలకెత్తించడంలో ఆమెది గొప్ప నేర్పు. పత్రికలన్నీ అడవి బిడ్డ అన్నాయి, ప్రకృతి ఇచ్చిన వరం అన్నాయి. ఆమె అటవీశాఖ నర్సరీలో మూడు దశాబ్దాలకు పైగా దినకూలీగా పనిచేసింది. ఏ విత్తనం మొలిచిందో, ఏది కుళ్ళిందో, ఎందుకు కుళ్ళిందో రోజూ చూసి నేర్చుకుంది. అన్నేళ్ళ చదువుని వరం అనేస్తే చదివిన మనిషి ఏమైపోవాలి? కూలి పెంచాలన్న మాట కూడా వరంలో కొట్టుకుపోతుంది. 2024 డిసెంబరులో ఆమె చనిపోయినప్పుడు కూడా మళ్ళీ ఆ పాదాల ఫోటోనే వేశారు.

వంగారి మాతాయ్ ఈ విషయంలో మనకన్నా సూటిగా ఆలోచించిందనుకుంటాను. కెన్యాలో 1977లో ఆమె గ్రీన్ బెల్ట్ ఉద్యమం మొదలుపెట్టినప్పుడు, చదువురాని పల్లెటూరి ఆడవాళ్ళు మొక్కలు పెంచలేరని, దానికి డిప్లొమా ఉండాలని అటవీ అధికారులు అన్నారు. ఆడవాళ్ళు పొలాల్లో విత్తనాలు వేస్తున్నవాళ్ళే కదా, అదే పద్ధతిలో వేశారు. డిప్లొమాలు లేని అటవీ నిపుణులు అని మాతాయ్ వాళ్ళకి పేరు పెట్టింది. ఈ మాటని మనం ఇష్టంగా వాడుకుంటాం. మాతాయ్ తూర్పు, మధ్య ఆఫ్రికాల్లో డాక్టరేట్ పొందిన మొదటి స్త్రీ అన్న సంగతిని అంత ఇష్టంగా చెప్పుకోం. ఆ పట్టాయే లేకపోతే అధికారుల ఎదుట కూర్చుని డిప్లొమా అక్కర్లేదని చెప్పే వీలు ఆమెకి ఉండేదా? అంతకన్నా ముఖ్యం, ఆమె ఆ ఆడవాళ్ళని పొగిడి వదిలెయ్యలేదు. మొక్క బతికిందా లేదా అన్నది చూసి, బతికిన మొక్కకి డబ్బు ఇచ్చింది. ఒక ఊరివాళ్ళు నేర్చుకున్నది ఇంకో ఊరివాళ్ళకి చెప్పే ఏర్పాటు చేసింది. కాగితం లేకుండానే అది నిరంతర విద్య.

మన సంగతి వేరే చెప్పాలా? అకడమిక్ స్టాఫ్ కాలేజీ అని పిలిచే రోజుల్లో నేను మూడు వారాల రిఫ్రెషర్ కోర్సు చేశాను. ప్రమోషన్ ఫైలుకి అది కావాలి. భోజనం తర్వాత ఉపన్యాసాల్లో సగంమంది కునుకు తీశారు. ఆ కునుకు తీసినవాళ్ళలో నేనూ ఉన్నాను, ఇంట్లో టైఫాయిడ్‌తో ఉన్న అత్తగారికి రాత్రంతా కాపలా ఉండి వచ్చినందుకు. అయినా అందరికీ సర్టిఫికెట్ వచ్చింది. నేను కొత్తగా ఏమైనా నేర్చుకున్నానా, పాతదేమైనా వదులుకున్నానా అని ఎవరూ అడగలేదు. అక్కడ కూర్చున్నంతసేపూ నా జీతం మాత్రం నాకు వచ్చింది.

తర్వాతి కమిటీలో నేను ఒక ప్రతిపాదన పెట్టాను. మన తోటపని ఆమెని ఏదైనా చెట్ల సంరక్షణ శిక్షణకి పంపిద్దాం, ఖర్చు కాలేజీ భరిద్దాం, ఆ రోజుల కూలి కూడా ఇద్దాం అన్నాను. ఎవరూ వ్యతిరేకించలేదు. ఆమె అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ మనిషి కాబట్టి శిక్షణకి పంపే నిబంధన మనకి లేదని ఆఫీసు సూపరింటెండెంట్ చెప్పారు. ఏజెన్సీని అడిగితే, ఆమె స్వీపర్ కేటగిరీలో ఉందన్నారు. పదకొండేళ్ళుగా ఆ ఆవరణలో ప్రతి మొక్కకీ నీళ్ళు పోసి, కొమ్మ కత్తిరించి, చీడ పట్టిన ఆకు ఏరిపారేసిన మనిషి కాగితం మీద ఊడ్చే మనిషి. శిక్షణకి పంపాలంటే ముందు తోటపని ఆమె అని రాసుండాలి. అలా రాయాలంటే శిక్షణ పొందిన పత్రం ఉండాలి.

చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి అడుగుతాం. రంపం పట్టుకునే మనిషిని ఏ పత్రమూ అడగం. వీధిలో కరెంటు తీగల కింద నరికే కొమ్మల్ని చూస్తే ఆ సంగతి ఎవరికైనా తెలుస్తుంది. పాలమూరు పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మ విరిగిపడ్డాక, 2018లో మానుకి సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. మా కాలేజీలో అందరం ఆ ఫోటో చూసి ఆశ్చర్యపోయాం. మా ఆమె మాత్రం సీసా ఎంత సేపటికి ఖాళీ అవుతుంది, మందు కిందికి కారిపోకుండా ఎట్లా ఆపారు అని అడిగింది. నాకు అప్పుడు జవాబు తెలీదు. మొదట రంధ్రాల్లో మందు పోస్తే బయటికి కారిపోయిందని, అందుకే చుక్కచుక్కగా ఎక్కించారని తర్వాత చదివి చెప్పాను. "గట్లనే గావాలె" అంది. తనకు ముందే తోచినట్టుంది.

ఇప్పుడు నెలకోసారి అర్బరిస్టు అమ్మాయి ఫోన్ చేస్తుంది. నేను స్పీకర్ పెడతాను. ఆ ఇద్దరూ మాట్లాడుకుంటారు. నాకు సగం అర్థమవుతుంది. మినిట్స్‌లో మాత్రం ఇప్పుడు ఆమె ఏమన్నదో ఆమె పేరుతోనే రాస్తున్నాను. ప్రిన్సిపల్ మేడమ్ ఒకసారి కళ్ళజోడు సర్దుకుని చదివి, ఏమీ అనకుండా సంతకం పెట్టారు.

పేడ గొడవ తేలలేదు. ఈ మధ్య నిద్రగన్నేరు కింద నిలబడి పైకి చూస్తే కింది వరసలో రెండు కోతలు కనిపించాయి. దాదాపు ఒకే లావు కొమ్మలవి. ఒకదాని మీద ఎండిన పేడపూత ఉంది, రెండోది ఉత్తగా ఉంది. నేను చూడటం చూసి ఆమె దగ్గరకొచ్చింది.

"ఒకటి నా తీరు, ఒకటి గా అమ్మ తీరు" అంది. "ఏది మంచిగున్నదో సూడాలె గద."

ఎప్పుడు తెలుస్తుందన్నాను.

"ఇంక రెండు వానలు పోవాలె మేడం."